కూరగాయల సాగుకు ప్రభుత్వం ఎక్కడిదాకా తోడు వస్తుంది, ఎక్కడ ఆగిపోతుంది?

పత్తికొండ ప్రాంతంలో మూడెకరాల సొంత పొలంలోనూ రెండెకరాల కౌలు పొలంలోనూ టమాటా, ఉల్లి, కొద్దిగా బీర, కాకర వేయాలనుకుంటున్న ఒక యువ రైతు ఇక్కడ మూడు ప్రశ్నలు అడిగారు. సాగుకు ప్రభుత్వ అనుమతులు ఏమైనా తీసుకోవాలా? రాయితీల్లో నిజంగా చేతికి అందేవి ఏవి? ధర పడిపోతే ప్రభుత్వం కొంటుందా? ఉద్యాన శాఖలో పనిచేసి పదవీ విరమణ చేసి, ఇప్పుడు ఒక రైతు ఉత్పత్తిదారుల సంఘానికి సలహాలిస్తున్న వ్యక్తిగా నాకు తెలిసినంతలో వివరంగా చెబుతాను.

ముందు సూటి జవాబు. కూరగాయలు పండించడానికీ, మీరు పండించినది మీరే అమ్ముకోవడానికీ ఏ లైసెన్సూ అక్కర్లేదు. రాయితీలు చాలానే ఉన్నాయి కానీ వాటిలో ఎక్కువ భాగం నీటికి, పందిళ్లకు, గోదాములకు, అంటే పంట అమ్మకానికి వచ్చే లోపు పెట్టే ఖర్చుకు సంబంధించినవి. కూరగాయల ధరకు మాత్రం చట్టబద్ధమైన హామీ గానీ, ఏటా తప్పకుండా కొనే ఏర్పాటు గానీ లేదు. కేంద్రం కనీస మద్దతు ధర ప్రకటించే 22 పంటల్లో ఒక్క కూరగాయ కూడా లేదు. ధర పడినప్పుడు అప్పటికప్పుడు ఏదో ఒక సాయం రావచ్చు, రాకపోనూ వచ్చు. కాబట్టి ప్రభుత్వ సాయాన్ని పెట్టుబడి తగ్గించుకోవడానికి వాడుకోవాలి తప్ప, ఆదాయం లెక్కలో దాన్ని వేసుకోకూడదు. ఈ ఒక్క సంగతి మనసులో పెట్టుకుంటే మిగిలిన వివరాలన్నీ వాటి వాటి స్థానాల్లో కుదురుకుంటాయి.

నియంత్రణ మీ మీద ఎక్కడెక్కడ పడుతుంది

సాగుకు అనుమతి అక్కర్లేదన్నాను గానీ, సాగు చుట్టూ ఉన్న వాటి మీద చట్టాలు ఉన్నాయి. మొదటిది నీరు. కొత్తగా బోరు వేయాలంటే 2002 నాటి నీరు, భూమి, చెట్ల చట్టం, మన నోట వాల్టా చట్టం, ప్రకారం ముందుగా అనుమతి తీసుకోవాలి. అనుమతి లేని బోరుకు తర్వాత విద్యుత్ కనెక్షన్ దగ్గరా, బిందు సేద్యం దరఖాస్తు దగ్గరా చిక్కులు వస్తాయి. కౌలు పొలంలో బోరు ఉన్నదీ లేనిదీ, ఉంటే అది ఎవరి పేరున ఉన్నదీ ఒప్పందానికి ముందే చూసుకోండి.

రెండోది విత్తనం. 1966 విత్తన చట్టమూ 1983 విత్తన నియంత్రణ ఉత్తర్వూ అమ్మేవాడిని నియంత్రిస్తాయి, కొనే రైతుకు హక్కునిస్తాయి. ధ్రువీకరణ ప్రమాణాల ప్రకారం టమాటా, వంగ, ఉల్లి విత్తనాల్లో కనీసం 70 శాతం, బెండలో 65 శాతం, మిరపలో 60 శాతం మొలక రావాలి. ప్యాకెట్ మీద లాట్ సంఖ్య, పరీక్ష తేదీ, గడువు తేదీ ఉండాలి. కూరగాయల్లో మనం కొనేవి దాదాపు అన్నీ ప్రైవేటు హైబ్రిడ్లే కాబట్టి, ధ్రువీకరణ పత్రం కంటే కంపెనీ తన బాధ్యత మీద అతికించిన లేబులే మనకు ఆధారం. అందువల్ల బిల్లు, ఖాళీ ప్యాకెట్, వీలైతే గుప్పెడు విత్తనాలు పంట పూర్తయ్యేదాకా దాచుకోవాలి.

దీన్ని ఇంత గట్టిగా చెప్పడానికి కారణం ఉంది. మా సంఘంలో కాకర వేసిన కొందరికి తీగ బాగానే అల్లుకున్నా కాయలు సగానికి పైగా వంకరలు తిరిగి, లేబుల్ మీద చెప్పిన రకానికి పొంతన లేకుండా వచ్చాయి. బిల్లులు ఉన్న వాళ్ల పొలాలను అధికారులు, శాస్త్రవేత్తలు వచ్చి చూసి నివేదిక ఇచ్చారు, దాని ఆధారంగా విక్రేతతో మాట్లాడి కొంత పరిహారం రాబట్టుకోగలిగాము. అదే విత్తనం కొని బిల్లు తీసుకోని పక్క పొలం రైతుకు దారి దొరకలేదు. మాటల్లో తేలకపోతే వినియోగదారుల కమిషన్ ఉంది. జాతీయ విత్తన సంస్థకు, ఆంధ్రప్రదేశ్ రైతులకు మధ్య నడిచిన కేసులో 2012 జనవరిలో సుప్రీంకోర్టు, విత్తనం కొన్న రైతు కూడా వినియోగదారుడేనని, విత్తన చట్టం ఉన్నంత మాత్రాన ఆ దారి మూసుకుపోదని తేల్చి చెప్పింది. పరీక్షకు పంపడానికి రైతు విత్తనం మిగిల్చి పెట్టుకోలేదన్న సాకుతో ఫిర్యాదును కొట్టివేయడం కుదరదని కూడా అదే తీర్పు చెప్పింది. మన ప్రాంత రైతులు ఏళ్ల తరబడి పోరాడి దేశంలోని రైతులందరికీ సంపాదించి పెట్టిన హక్కు అది.

మీరే నారు పెంచి ఇతరులకు అమ్మే ఆలోచన ఉంటే మాత్రం అది వ్యాపారం కిందికి వస్తుంది, 2010 నాటి ఉద్యాన నర్సరీల చట్టం కింద రిజిస్ట్రేషన్ చేయించుకోవాలి. మీ పొలానికి మీరు పెంచుకునే నారుకు ఆ బాధ లేదు.

మూడోది పురుగుమందులు. దుకాణదారు ఏ మందు చెబితే అది కొట్టే అలవాటు మనకు ఎక్కువ. 1968 పురుగుమందుల చట్టం కింద ప్రతి మందుకూ ఏ పంట మీద, ఎంత మోతాదులో, కోతకు ఎన్ని రోజుల ముందు వరకు వాడవచ్చునో నిర్ణయించి లేబుల్ మీద, లోపలి కరపత్రంలో ముద్రిస్తారు. మోనోక్రోటోఫాస్‌ను కూరగాయల మీద వాడకూడదని 2005లోనే నిషేధించారు, అయినా ఆ తర్వాత చాలా ఏళ్లు అది వంగ, బెండ తోటల్లో కనిపిస్తూనే ఉంది. స్థానిక మార్కెట్లో ఎవరూ పరీక్షించరు కదా అన్న ధీమా నేటికీ ఉంది. ఎగుమతి దగ్గరికి వచ్చేసరికి ఆ ధీమా చెల్లదు. 2014 మే 1 నుంచి యూరోపియన్ యూనియన్ మన మామిడితో పాటు వంగ, కాకర, పొట్ల, చేమ దిగుమతులను ఆపివేసింది. సరుకులో పండు ఈగ వంటి పురుగులు పదే పదే దొరకడం అందుకు కారణం. కొందరి సరుకులో తేడా వస్తే దేశంలోని రైతులందరి సరుకూ ఆగింది. ఇప్పుడు ఆ దేశాలకు కూరగాయలు పంపాలంటే కేంద్ర ఎగుమతుల సంస్థ అపెడా వారి హార్టీనెట్ అనే ఆన్‌లైన్ వేదికలో పొలాన్ని నమోదు చేయించి, పురుగుమందుల అవశేషాల పరీక్షలు దాటాలి. ఐదెకరాల రైతు ఒంటరిగా చేయగల పని కాదది, సంఘంగా అయితే సాధ్యమే.

ఆహార భద్రత చట్టం గురించి చాలామంది అనవసరంగా భయపడతారు. పొలం స్థాయిలో రైతు పండించిన పంటకు 2006 ఆహార భద్రత, ప్రమాణాల చట్టం వర్తించదని ఆ చట్టంలోనే రాసి ఉంది. కానీ అదే టమాటాను పచ్చడిగానో, ఎండబెట్టి పొడిగానో అమ్మితే మీరు ఆహార వ్యాపారి అవుతారు, అప్పుడు రిజిస్ట్రేషన్ తప్పనిసరి.

చేతికి అందే రాయితీలు

వీటిలో మొదట చెప్పుకోవలసింది బిందు సేద్యం. ఆంధ్రప్రదేశ్ సూక్ష్మ నీటిపారుదల ప్రాజెక్టు 2003లో మొదలైంది. కేంద్ర పథకం ప్రకారం చిన్న, సన్నకారు రైతులకు 55 శాతం, ఇతరులకు 45 శాతం రాయితీ ఉంటుంది. దానికి రాష్ట్రం తన వాటా కలపడం వల్ల చిన్న, సన్నకారు రైతులకు మన దగ్గర 90 శాతం దాకా వస్తోంది. మూడెకరాల వాళ్లు కాబట్టి మీరు ఆ వర్గంలోకే వస్తారు. కర్నూలు పశ్చిమ మండలాల నీటి పరిస్థితి తెలిసిన వాడిగా చెబుతున్నాను, మీరు మరే రాయితీ తీసుకోకపోయినా దీన్ని మాత్రం వదలవద్దు.

కానీ వరుస తప్పకూడదు. ముందు దరఖాస్తు, తర్వాత పొలం సర్వే, అంచనా, మీ వాటా చెల్లింపు, ఆ తర్వాతే పరికరాలు. సీజను దాటిపోతోందని ముందుగా బయట కొనేసి, తర్వాత రాయితీ అడిగిన వారికి డబ్బు వచ్చిన సందర్భం నేను ఉద్యోగంలో ఉండగా చూడలేదు. ఒకసారి తీసుకుంటే అదే భూమికి మళ్లీ ఏడేళ్ల తర్వాతే అర్హత వస్తుంది. అందుకని ఈ ఏడు ఉల్లి, వచ్చే ఏడు టమాటా వేసినా సరిపోయేలా లేటరల్ పైపుల, అంటే మొక్కల వరుసల వెంట పరిచే సన్న పైపుల, దూరం ముందే ఆలోచించి అడగండి.

తర్వాతిది సమగ్ర ఉద్యాన అభివృద్ధి మిషన్. 2014-15 నుంచి ఈ పేరుతో నడుస్తున్న ఈ పథకంలో కేంద్రం 60 శాతం, రాష్ట్రం 40 శాతం భరిస్తాయి. హైబ్రిడ్ కూరగాయల సాగు, నేల మీద పరిచే మల్చింగ్ షీటు, నీడనిచ్చే షేడ్‌నెట్, సరుకు సర్ది కట్టే ప్యాక్ హౌస్, ఉల్లి నిల్వ షెడ్డు వంటివి ఇందులోకి వస్తాయి. మల్చింగుకూ కట్టడాలకూ సాధారణంగా నిర్ణీత యూనిట్ ఖర్చులో సగం దాకా ఇస్తారు. ఇక్కడ గమనించవలసింది, సగం అంటే మీరు పెట్టిన ఖర్చులో సగం కాదు, ప్రభుత్వం నిర్ణయించిన యూనిట్ ఖర్చులో సగం. ఇనుము, సిమెంటు ధరలు పెరిగినప్పుడు ఈ రెండింటి మధ్య అంతరం రైతు మీదే పడుతుంది. 2025లో యూనిట్ ఖర్చులను సవరించారు, కాబట్టి పాత కరపత్రాల్లోని అంకెలను నమ్మకుండా ఈ ఏడాది మార్గదర్శకాలను ఉద్యాన అధికారి దగ్గర చూడండి.

మీరు వేయాలనుకున్న బీర, కాకరకు శాశ్వత పందిరి మంచి పెట్టుబడి. రాతి కూసాలతో వేసిన పందిరి ఏళ్ల తరబడి నిలుస్తుంది, కాయ నేలకు తగలదు కాబట్టి నాణ్యత, ధర రెండూ మెరుగవుతాయి. అర ఎకరంతో మొదలుపెట్టినా చాలు. పందిళ్ల రాయితీకి ఏటా లక్ష్యాలు, నిధులు పరిమితంగా ఉంటాయి గనుక ఏడాది మొదట్లోనే దరఖాస్తు పెట్టాలి.

ఉల్లి నిల్వ షెడ్డు విషయంలో మాత్రం నా సలహా వేరు. రాయితీ ఉంది కదా అని కట్టవద్దు. మన కర్నూలు ఉల్లి ఎక్కువగా ఖరీఫ్ పంట, వానల్లో కోతకు వచ్చే తడి సరుకు, నెలల తరబడి నిల్వకు ఆగదు. ఆ షెడ్లు రబీ ఉల్లికి పనికొస్తాయి. రబీలో నిల్వకు తగిన రకం వేసే ఉద్దేశం ఉంటేనే దాని జోలికి వెళ్లండి. ఖాళీగా పడి ఉన్న షెడ్లను, వాటి తాలూకు అప్పు కడుతున్న కుటుంబాలను నేను చూశాను.

పంట రుణం సంగతి అందరికీ తెలిసిందే. కిసాన్ క్రెడిట్ కార్డు మీద 3 లక్షల వరకు 7 శాతం వడ్డీ, సకాలంలో కడితే 3 శాతం తగ్గి 4 శాతం పడుతుంది. ఎకరానికి ఎంత ఇవ్వాలన్నది జిల్లా స్థాయి కమిటీ పంటల వారీగా నిర్ణయిస్తుంది. టమాటాకు నిర్ణయించిన మొత్తం మెట్ట పంటల కంటే ఎక్కువగా ఉంటుంది కాబట్టి, కార్డులో మీ పంటను సరిగా రాయించుకోండి. వాతావరణ ఆధారిత బీమాలో ఉద్యాన పంటలకు రైతు వాటా గరిష్ఠంగా 5 శాతం. అయితే ఆ సీజనులో మీ జిల్లాలో ఆ పంటను బీమా జాబితాలో చేర్చి నోటిఫై చేస్తేనే అది వర్తిస్తుంది.

ధర పడిపోయినప్పుడు ఏం జరుగుతుంది

మీ మూడో ప్రశ్న అసలైన ప్రశ్న. పత్తికొండ టమాటా మార్కెట్లో ధర లేక రైతులు సరుకును రోడ్డు మీద పారబోసిన దృశ్యాలు మీకు నేను చెప్పనక్కర్లేదు. అలాంటప్పుడు వాడుకోవడానికి కేంద్రం దగ్గర ప్రభుత్వమే సరుకు కొనే మార్కెట్ జోక్య పథకం ఉంది. కిందటి మామూలు సీజనుతో పోలిస్తే ధర కనీసం 10 శాతం పడిపోయినప్పుడు రాష్ట్రం అడిగితే కేంద్రం అనుమతిస్తుంది, నష్టాన్ని చెరి సగం భరిస్తాయి. ఈ మధ్య చేసిన సవరణలతో మొత్తం దిగుబడిలో 25 శాతం వరకు దీని కిందికి తేవచ్చు, సరుకు కొనకుండా ధరలో తేడాను రైతు ఖాతాలో వేసే వీలు కూడా ఉంది.

కాగితం మీద ఇది బాగానే ఉంటుంది. ఆచరణలో చూస్తే, ధర పడింది అని గుర్తించడానికి కొన్ని రోజులు, రాష్ట్రం ప్రతిపాదన పంపడానికి కొన్ని రోజులు, ఢిల్లీలో అనుమతికి ఇంకొన్ని రోజులు పడుతుంది. ఎండు మిరపను ఈలోగా శీతల గిడ్డంగిలో పెట్టవచ్చు. 2025 ఫిబ్రవరిలో ఆంధ్రప్రదేశ్ మిరపకు క్వింటాలుకు 11,781 రూపాయల ధరతో ఈ పథకం కింద అనుమతి వచ్చింది. పండిన టమాటా అలా వారాల తరబడి ఎదురు చూడదు. పథకం రాసిన తీరులోనే ఈ లోపం ఉంది, దీన్ని మార్చమని నేను ఉద్యోగంలో ఉన్నప్పుడూ సమావేశాల్లో చెప్పాను, ఇప్పుడూ చెబుతున్నాను. ధర ఒక గీత దాటి పడగానే ఎవరి అనుమతీ అక్కర్లేకుండా సాయం మొదలయ్యే ఏర్పాటు ఉంటే తప్ప టమాటా రైతుకు ఉపయోగం ఉండదు. కేరళ 2020 నవంబరు నుంచి 16 రకాల పంటలకు, సాగు ఖర్చుకు 20 శాతం కలిపి, ముందుగానే కనీస ధర ప్రకటించింది. అక్కడ పండే పరిమాణం తక్కువ, కొనేవాళ్లు ఎక్కువ కాబట్టి అక్కడి పద్ధతి ఇక్కడ అలాగే నడవదు. అయినా ధర ముందే తెలిసి ఉండటం అన్న సూత్రం మనకూ అవసరమే.

రాష్ట్రం సొంతంగా చేసే సాయం ఇంకొకటి ఉంది. 2025లో కర్నూలు ఉల్లి ధర కూలిపోయినప్పుడు ప్రభుత్వం రాష్ట్ర సహకార మార్కెటింగ్ సంస్థ మార్క్‌ఫెడ్ ద్వారా క్వింటాలుకు 1,200 రూపాయల చొప్పున కొనిపించింది, ఆ తర్వాత హెక్టారుకు 50,000 రూపాయలు ప్రకటించింది. ఆ డబ్బు ఎన్నో కుటుంబాలను నిలబెట్టింది, అందులో సందేహం లేదు. కానీ అది ఆ ఏటి పరిస్థితిని బట్టి తీసుకున్న నిర్ణయం, వచ్చే ఏడు కూడా వస్తుందని లెక్క వేసుకోలేము.

ధర పెరిగినప్పుడు మాత్రం ప్రభుత్వం చాలా వేగంగా కదులుతుంది, ఇది కూడా మీకు తెలిసి ఉండాలి. 2023 జూలైలో టమాటా ధర చుక్కలు తాకినప్పుడు కేంద్రం జాతీయ సహకార సంస్థలైన నాఫెడ్, ఎన్‌సీసీఎఫ్‌ల చేత ఆంధ్రప్రదేశ్, కర్ణాటక, మహారాష్ట్ర మార్కెట్లలో కొనిపించి, ఢిల్లీలో కిలో 90 రూపాయలకు మొదలుపెట్టి క్రమంగా తగ్గించి అమ్మించింది. మన రాష్ట్రంలో రైతు బజార్లలో కిలో 50 రూపాయలకు ఇచ్చారు. ఉల్లి విషయంలో 2023 ఆగస్టులో 40 శాతం ఎగుమతి సుంకం, డిసెంబరులో పూర్తి నిషేధం వచ్చాయి. నిషేధం 2024 మేలో తొలగినా సుంకం పూర్తిగా పోవడానికి 2025 ఏప్రిల్ దాకా పట్టింది. వినియోగదారుడిని కాపాడటం తప్పని నేను అనను, పట్నంలో కూలి చేసుకునే కుటుంబం కిలో ఉల్లికి ఎంత పెట్టగలదు? కానీ పెరిగినప్పుడు చూపిన చురుకుదనం పడినప్పుడు కూడా ఉండాలని కోరడం న్యాయం. కేంద్రం నిల్వ కోసం కొనే ఉల్లి కూడా ప్రధానంగా మహారాష్ట్ర వైపు రబీ సరుకే, మన ఖరీఫ్ ఉల్లికి ఆ కొనుగోలుతో నేరుగా ఒరిగేది తక్కువ.

టమాటా, ఉల్లి, బంగాళాదుంపల కోసం 2018-19 బడ్జెట్‌లో 500 కోట్లతో ప్రకటించిన ఆపరేషన్ గ్రీన్స్‌లో రవాణాకూ నిల్వకూ అయ్యే ఖర్చులో 50 శాతం రాయితీ పెట్టారు. మన రాష్ట్రంలో టమాటాకు చిత్తూరు, అనంతపురం జిల్లాలను ఎంచుకున్నారు. ఒక్కో రైతు వాడుకోదగిన పథకం కాదిది, సంఘాలకూ వ్యాపారులకూ ఉపయోగపడేది.

అమ్మకం దగ్గర మీకున్న హక్కులు

1966 మార్కెట్ల చట్టం ప్రకారం లైసెన్సు తీసుకోవలసింది వ్యాపారి, కమీషన్ ఏజెంటు. రైతు కాదు. బహిరంగ వేలం, సరైన తూకం, వసూళ్ల వివరాలతో ఇచ్చే అమ్మకం చీటీ, అంటే తక్‌పట్టీ, అడిగే హక్కు మీకుంది. కమీషన్ ఎంత తీసుకోవాలో మార్కెట్ కమిటీ కార్యాలయంలో రాసి ఉంటుంది, తరుగు, సూట్ పేర్లతో గంపల లెక్కన కోత పెట్టడానికి మాత్రం చట్టంలో చోటు లేదు. మా సంఘ సభ్యులకు ఒక వ్యాపారి బాకీ పడి వాయిదాలు వేస్తూ పోయినప్పుడు, తక్‌పట్టీలు జతచేసి మార్కెట్ కార్యదర్శికి రాతపూర్వకంగా ఫిర్యాదు చేశాము. లైసెన్సు మీదికి వస్తుందని తెలిశాక బాకీ తీరింది. అయితే ఏజెంటు దగ్గర పెట్టుబడికి అప్పు తీసుకున్న రైతు ఇలా నిలదీయలేడు. వీలైనంత వరకు బ్యాంకు అప్పుతోనే సాగు చేయమని చెప్పడానికి వడ్డీ కంటే ఇదే పెద్ద కారణం.

1999 జనవరి 26న మొదలైన రైతు బజార్లు చిల్లర అమ్మకానికి మంచి వేదిక. తనిఖీ తర్వాత గుర్తింపు కార్డు ఇస్తారు, మార్కెట్ ఫీజు ఉండదు, మధ్యలో ఏజెంటు ఉండడు. కానీ మూడెకరాల టమాటా ఒకేసారి కోతకు వస్తే రైతు బజారులో అమ్ముడుపోదు. మీ బీర, కాకర, వాటితో పాటు కాస్త బెండ, ఆకుకూరలు ఉంటే అక్కడ రోజూ నగదు చేతికి వస్తుంది. టమాటాను కూడా ఒకే తేదీన కాకుండా రెండు మూడు వారాల తేడాతో విడతలుగా నాటితే ధర పడిన వారంలో పంటంతా చిక్కుకోదు.

కౌలు పొలం గురించి విడిగా

రాయితీల్లో ఎక్కువ భాగం భూమి పత్రాన్ని చూసి ఇచ్చేవే. బిందు సేద్యం కౌలు పొలానికి కావాలంటే కనీసం ఏడేళ్ల రిజిస్టర్డ్ కౌలు అడుగుతారు, మన ఊళ్లలో నోటి మాట మీద ఏడాదికి ఇచ్చే కౌలుకు అది కుదరదు. కాబట్టి శాశ్వత పందిరి, బిందు సేద్యం మీ సొంత మూడెకరాల్లోనే పెట్టుకోండి. కౌలు పొలంలో తక్కువ కాలపు పంటలు చాలు. 2019 సాగుదారు హక్కుల చట్టం కింద 11 నెలలు చెల్లే సాగు హక్కు కార్డు తీసుకుంటే పంట రుణానికీ బీమాకూ నష్టపరిహారానికీ దారి ఉంటుంది. అందుకు యజమాని సంతకం కావాలి, చాలామంది యజమానులు భూమి హక్కు పోతుందేమోనని భయపడతారు. ఆ కార్డుతో భూమి మీద ఏ హక్కూ రాదని చట్టమే చెబుతోంది. గ్రామ రెవెన్యూ అధికారిని వెంటబెట్టుకుని వెళ్లి చెప్పిస్తే ఒప్పుకున్న యజమానులు మా ప్రాంతంలో ఉన్నారు.

కార్డు వచ్చినా రాకపోయినా, నాటిన వెంటనే రైతు సేవా కేంద్రంలో ఈ-పంట నమోదు, అంటే ఏ సర్వే నంబరులో ఎవరు ఏ పంట వేశారో రాసే నమోదు, చేయించండి. ఉల్లికి ఇచ్చినట్టు ఎకరాల లెక్కన సాయం ప్రకటించినప్పుడు ఆ నమోదే ఆధారమవుతుంది. కౌలు పొలంలో పంట యజమాని పేరున నమోదైతే డబ్బు ఆయన ఖాతాలోకే వెళ్తుంది, తర్వాత మార్చడం చాలా కష్టం. నమోదు అయ్యాక సర్వే నంబరు, పంట పేరు, విస్తీర్ణం, సాగుదారు పేరు ఈ నాలుగూ సరిగా ఉన్నాయో లేదో మీరే చదివి చూసుకుని, ఆ తర్వాతే వేలిముద్ర వేయండి.